ఏళ్లు పెంచడానికి సిరా చాలు

శనివారం రాత్రి హైదరాబాద్‌లో ఏ విందులో కూర్చున్నా పదకొండు గంటల వేళ ఒక తంతు జరుగుతుంది. అప్పటిదాకా గ్లాసులు లెక్కపెట్టని పెద్దమనుషులు ఉన్నట్టుండి బుద్ధిమంతులవుతారు. ఒకాయన క్యాబ్ కోసం ఫోను తీస్తాడు. ఇంకొకాయన గంటల లెక్కన వచ్చే డ్రైవరును పిలిపిస్తాడు. మూడో ఆయన మందు ముట్టని బావమరిది ఎక్కడున్నాడా అని వెతుక్కుంటాడు. ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి చెప్పినా రాని ఈ బుద్ధి రోడ్డుకు అడ్డంగా పెట్టిన బారికేడ్లు చూసి వచ్చింది, నోటి ముందు పెట్టే ఆ చిన్న యంత్రాన్ని చూసి వచ్చింది.

అలాంటి ఒక విందులో సరదాకి అడిగాను, దొరికితే శిక్ష ఎంత అని. ఒకరు రెండు వేలన్నారు. ఒకరు లైసెన్సు పోతుందన్నారు. ఇంకొకరు "ఏముంది, కౌన్సెలింగ్‌కి పిలుస్తారు" అని తేల్చేశారు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం మొదటిసారి దొరికితేనే ఆరు నెలల దాకా జైలు, పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకు ముందు ఆ జరిమానా రెండు వేలే ఉండేది. అది అయిదు రెట్లయిన సంగతి ఆ బల్ల చుట్టూ ఒక్కరికీ తెలియదు. తనిఖీ ఏ కూడలిలో జరుగుతోందో మాత్రం అందరికీ తెలుసు.

శిక్ష నేరాన్ని ఎలా ఆపుతుందన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ బల్ల దగ్గరే దొరుకుతుంది. మిలాన్ నగరానికి చెందిన చెజారె బెక్కరియా 1764లో, ఇరవై ఆరేళ్ల వయసులో, ఇదే మాట వాదించాడు. శిక్ష భయానికి మూడు ముఖాలు. పడి తీరుతుందన్న నమ్మకం ఒకటి, తొందరగా పడటం రెండోది, కఠినంగా ఉండటం మూడోది. మూడింటిలో మొదటిదే మనిషిని ఎక్కువగా ఆపుతుందన్నాడు. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాలుగా జరిగిన పరిశోధనలో మెలికలు చాలా ఉన్నా, ఈ వరుస పెద్దగా మారలేదు. 2014లో అమెరికా జాతీయ పరిశోధన మండలి దశాబ్దాల అధ్యయనాలను గుదిగుచ్చి చూసి, ఇప్పటికే దీర్ఘంగా ఉన్న శిక్షలను మరింత సాగదీస్తే అదనంగా పుట్టే భయం చాలా తక్కువని తేల్చింది.

అయినా ఏదైనా ఘోరం జరిగి జనం రోడ్డెక్కగానే ప్రభుత్వాల చెయ్యి మూడోదాని మీదికే పోతుంది. ఏడు పదవుతుంది, పది ఇరవై అవుతుంది, ఇరవై ఉరి అవుతుంది. దీనికి నాకు తోచిన కారణం చాలా మామూలుది. మొత్తం నేర న్యాయ వ్యవస్థలో ఒక్క మధ్యాహ్నంలో, ఖర్చు లేకుండా మార్చగలిగింది చట్టంలోని ఆ అంకె ఒక్కటే. దానికి సిరా చాలు. దర్యాప్తు బాగుపడాలంటే మనుషులు కావాలి, ఫోరెన్సిక్ ల్యాబులు కావాలి. తీర్పు త్వరగా రావాలంటే జడ్జీలు కావాలి. జనాభాలో ప్రతి పది లక్షల మందికి 50 మంది జడ్జీలుండాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది. మనం ఇప్పటికీ ఇరవై దాటి అటూ ఇటూగా ఉన్నాం.

సిరాకు ఖర్చు లేదన్నాను కానీ, అది కూడా పూర్తిగా నిజం కాదు. కొన్నిసార్లు శిక్షను పెంచడమే నేరస్తుడు తప్పించుకునే దారిని వెడల్పు చేస్తుంది.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్ కథ చూడండి. ఆ శతాబ్దం చివరికి అక్కడ ఉరిశిక్ష పడే నేరాలు రెండు వందలు దాటాయి. జేబు కొట్టినా ఉరే, 1808 దాకా. ఇంట్లో నలభై షిల్లింగుల విలువైన సొత్తు దొంగిలించినా ఉరే. మరి జ్యూరీలో కూర్చున్న ఊరి పెద్దలు ఏం చేశారు? పోయిన సొత్తు విలువ ముప్పై తొమ్మిది షిల్లింగులేనని తేల్చడం మొదలుపెట్టారు. ఒక వెండి పాత్ర కోసం కుర్రవాణ్ని ఉరికంబం ఎక్కించడానికి వాళ్ల మనసు ఒప్పలేదు. సొత్తు పోగొట్టుకున్నవాళ్లలోనూ కొందరు ఆ పాపం మనకెందుకని ఫిర్యాదే ఇచ్చేవారు కాదు. పుస్తకంలో శిక్ష ఎంత పెరిగిందో, అది పడే అవకాశం అంత తగ్గింది. జేబుదొంగలను ఉరితీస్తుంటే చూడటానికి వచ్చిన గుంపులోనే జేబులు తెగేవని ఆ రోజుల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ ముప్పై తొమ్మిది షిల్లింగులకు మన దగ్గరా ఒక రూపం ఉంది. పన్నెండేళ్ల లోపు బాలికపై అత్యాచారానికి ఉరి వేయవచ్చని 2018లో సవరణ చేశారు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టాన్ని 2019లో ఇంకా బిగించారు. చదివితే గుండె నిబ్బరంగా అనిపిస్తుంది. కానీ జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ఇచ్చే లెక్కల్లో ఈ నేరాలకు పాల్పడిన వాళ్లలో తొంభై శాతానికి పైగా ఆ బిడ్డకు తెలిసినవాళ్లే. వరసకు బాబాయో, పక్కింటి పెద్దాయనో, ఇంటి యజమానో. "నీ మాట వల్ల ఆయన ఉరికంబం ఎక్కుతాడు" అని నాయనమ్మ ఒక్కసారి అంటే ఆ పిల్ల మళ్లీ నోరు తెరుస్తుందా? తల్లి స్టేషన్ మెట్లెక్కుతుందా? మరణశిక్ష వద్దని బాలల హక్కుల కోసం పనిచేసేవాళ్లే గట్టిగా చెప్పడానికి ఒక పెద్ద కారణం ఇది. వాళ్లకు నేరస్తుడి మీద జాలి ఉండి కాదు.

ఇంతకంటే పెద్ద కథ 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో, నిర్భయ ఘటనతో మొదలైంది. వారం తిరిగేసరికి జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ ఏర్పడింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన దాదాపు 80 వేల సూచనలను చూసి, 29 రోజుల్లో 630 పేజీల నివేదిక ఇచ్చింది. మన ప్రభుత్వ కమిటీల వేగం తెలిసినవాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు. పోలీసు సంస్కరణలు, ఫిర్యాదు నమోదు చేయని అధికారిపై చర్య, వైద్య పరీక్షల పద్ధతి, ఇలా ఎన్నో అందులో ఉన్నాయి. మరణశిక్షను మాత్రం కమిటీ సిఫార్సు చేయలేదు. పది రోజులకే, 2013 ఫిబ్రవరి 3న, మరణశిక్షతో సహా ఆర్డినెన్సు వచ్చింది. తర్వాత అది చట్టమైంది. సామూహిక అత్యాచారానికి కనీస శిక్ష ఇరవై ఏళ్లయింది. 2018లో అత్యాచారానికి కనీస శిక్ష ఏడు నుంచి పదేళ్లయింది.

ఈ మార్పుల ఫలితాన్ని కేసుల సంఖ్యతో కొలవబోతే పప్పులో కాలేసినట్టే. 2012లో నమోదైన అత్యాచార కేసులు 24,923. 2013లో అవి 33,707. నేరాలు ఒక్క ఏడాదిలో అంత పెరగలేదు, ధైర్యంగా ఫిర్యాదు చేసినవాళ్లు పెరిగారు. ఆ పెరుగుదల మంచి వార్తే అనాలి. కాబట్టి చూడాల్సిన అంకె వేరే ఉంది. విచారణ ముగిసిన ప్రతి వంద కేసుల్లో శిక్ష పడినవి 2012లో 24. పదేళ్లు గడిచి, చట్టం మూడు సార్లు గట్టిపడ్డాక, 2022లో 27. అదైనా విచారణ ముగిసిన వాటిలో లెక్క. ఆ ఏడాది కోర్టుల ముందు దాదాపు రెండు లక్షల అత్యాచార కేసులుంటే తీర్పు దాకా వచ్చినవి పద్దెనిమిదిన్నర వేలు. శిక్ష పడినవి ఐదు వేల పైచిలుకు. ఏడేళ్లను పదేళ్లు చేసినా, పదిని వంద చేసినా, ఆ మార్పు తాకేది ఆ ఐదు వేలనే. మిగిలినవన్నీ తీర్పు దాకా చేరక ముందే, లేదా చేరాక, కారిపోతున్న నీళ్లు. చిల్లు కుండ కింద ఉంటే మనం మూతికి బంగారు పూత వేస్తున్నాం.

2019 డిసెంబరు 6 ఉదయం షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన మీద పోలీసులపై జనం పూలు చల్లారు. దిశ కేసు నిందితులు నలుగురూ తెల్లవారేసరికి కాల్పుల్లో చనిపోయారు. మిఠాయిలు పంచారు, బస్సుల్లోంచి ఆడపిల్లలు కేరింతలు కొట్టారు. మరో వారానికి, డిసెంబరు 13న, ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు, ఉరి. రాష్ట్రపతి ఆమోదం రాక ఆ బిల్లు అమల్లోకి రాలేదు. ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్, పోలీసులు చెప్పిన కథ నమ్మశక్యం కాదని, చంపాలనే కాల్చారని 2022లో నివేదిక ఇచ్చింది.

ఆ పూలను నేను వెటకారం చేయలేను. ఆ రోజు చల్లిన చేతుల్లో తమ ఊళ్లో, తమ ఇంట్లో ఎన్నడూ న్యాయం దొరకని ఆడవాళ్ల చేతులు ఎన్ని ఉన్నాయో. శిక్షకు నేరాన్ని తగ్గించడం ఒక్కటే పని అయితే ఈ చర్చ చాలా తేలిక. జరిగింది తప్పు అని సమాజం తరఫున బిగ్గరగా చెప్పడం కూడా దాని పనే. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి "గణాంకాల ప్రకారం" అని మొదలుపెట్టి ఏ పరిశోధకుడూ ఏమీ చెప్పలేడు, చెప్పకూడదు కూడా. ఘోరమైన నేరానికి దీర్ఘమైన శిక్ష న్యాయమే కావచ్చు. దాని వల్ల రేపటి నేరం ఆగుతుందని చెప్పడం మాత్రం వేరే వాదన. ఆ రెండో వాదనకు రుజువు కావాలి. మన చట్టసభల్లో ఈ రెంటినీ కలిపి ముద్ద చేసి వడ్డించడం అలవాటైపోయింది.

ఇక దీర్ఘ శిక్షల వైపున్న అసలైన బలమైన వాదనకు వద్దాం. అది భయం గురించి కాదు. "లోపలున్నవాడు బయట దొంగతనం చేయలేడు కదా" అన్నది ఆ వాదన. ఇది నిజం. ఈ నిజాన్ని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం దాని కొస దాకా పరీక్షించింది. 1994లో అక్కడ ఒక చట్టం వచ్చింది. అంతకుముందు రెండు తీవ్ర నేరాలకు శిక్ష పడినవాడు మూడోసారి ఏ పెద్ద నేరం కింద దొరికినా పాతికేళ్ల నుంచి జీవిత ఖైదు. ఆ మూడోది చట్టం లెక్కలో పెద్దదై, నిజానికి చిన్నదైనా సరే. ఒక మనిషి రెండు దుకాణాల్లో మొత్తం నూట యాభై డాలర్ల విలువైన వీడియో క్యాసెట్లు దొంగిలించాడు. రెండు దొంగతనాలకు కలిపి కనీసం యాభై ఏళ్లు పడింది. 2003లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపుగా చీలి, ఆ శిక్ష చెల్లుతుందని తీర్పిచ్చింది.

పని చేసిందా అంటే, కొంత చేసింది. ఇది దాచకూడదు. అప్పటికే రెండు నేరాలున్నవాళ్లలో అరెస్టులు 17 నుంచి 20 శాతం దాకా తగ్గాయని ఎరిక్ హెలండ్, అలెక్స్ టబరాక్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. అదే పరిశోధకులు, ఆ తగ్గుదల కోసం పెట్టిన ఖర్చుతో వేరే దారుల్లో ఇంతకంటే ఎక్కువ నేరాలను ఆపవచ్చని కూడా చెప్పారు. ఎందుకంటే నేరానికి ఒక వయసుంది. అది పద్దెనిమిది, ఇరవై ప్రాంతంలో శిఖరానికెక్కి, ముప్పై దాటాక దిగుముఖం పడుతుంది. ఇది దేశదేశాల లెక్కల్లో కనిపించే సంగతి. నలభై ఐదేళ్లవాడికి గోడ దూకే ఓపిక ఉండదు, మోకాళ్లు ఒప్పుకోవు. పాతికేళ్ల శిక్షలో మొదటి అయిదారేళ్లు సమాజానికి రక్షణ ఇస్తాయి. చివరి పదేళ్లు ఎక్కువగా ఒక ముసలివాడికి బీపీ మాత్రలు, కంటి ఆపరేషన్లు ఇప్పించడానికి పోతాయి.

శిఖరం మీదున్న ఆ కుర్రవాడు శిక్ష నిడివి చూసి ఆగుతాడా? ఫ్లోరిడా రాష్ట్రంలో డేవిడ్ లీ, జస్టిన్ మెక్రేరీ అనే పరిశోధకులు దీన్ని చక్కని ఉపాయంతో చూశారు. పద్దెనిమిది నిండిన రోజు నుంచి నేరస్తుడు బాలల కోర్టు నుంచి పెద్దల కోర్టుకు మారతాడు. పడే శిక్ష ఒక్కసారిగా చాలా పెరుగుతుంది. శిక్ష నిడివికి కుర్రవాళ్లు భయపడేటట్టయితే పుట్టినరోజు దాటగానే నేరాలు దబ్బున పడిపోవాలి. తగ్గుదల రెండు శాతం దగ్గర తేలింది. పదిహేడున్నరేళ్లవాడికి వచ్చే ఆదివారమే చాలా దూరం. పదేళ్లూ పాతికేళ్లూ వాడి బుర్రలో ఒకటే.

కాలిఫోర్నియా జైళ్లు కిక్కిరిసిపోయి, 2011లో సుప్రీంకోర్టే ఖైదీలను తగ్గించమని ఆదేశించాల్సి వచ్చింది. వేలమందిని రాష్ట్ర జైళ్ల నుంచి తగ్గించాక, హింసాత్మక నేరాల్లో చెప్పుకోదగ్గ పెరుగుదల పరిశోధకులకు కనపడలేదు. కారు దొంగతనాలు మాత్రం పెరిగాయి. 2012లో ప్రజలు ఓటు వేసి మూడో నేరం తీవ్రమైనదైతేనే జీవిత ఖైదు అని మార్చారు. ఆ ప్రతిపాదన సంఖ్య 36. పన్నెండేళ్లకు, 2024లో, పదేపదే దొంగతనం చేసేవాళ్లకు శిక్షలు పెంచుతూ మళ్లీ ఓటు వేశారు. ఆ ప్రతిపాదన సంఖ్య కూడా, చిత్రంగా, 36.

ఈ మధ్య ఎవరితో మాట్లాడినా ఎల్ సాల్వడార్ పేరు ఎత్తుతున్నారు. 2022 మార్చిలో అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించి, ముఠా సభ్యులన్న అనుమానం మీద పదుల వేలమందిని లోపలేశారు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా హత్యలు ఎక్కువ జరిగే దేశాల్లో ఒకటైన చోట హత్యలు దాదాపు మాయమయ్యాయి. దీన్ని కాదనడం కళ్లు మూసుకోవడమే. అయితే అక్కడ పనిచేసింది శిక్ష నిడివి కాదు. దేశ జనాభాలో ప్రతి వందమందిలో ఒకరికి మించి, ఎక్కువమందిని విచారణే లేకుండా, ఒకేసారి పట్టుకెళ్లడం. అమాయకులని తేలి బయటికొచ్చినవాళ్లే వేలల్లో ఉన్నారని ఆ ప్రభుత్వమే ఒప్పుకుంది. ఇంకా తేలనివాళ్ల సంగతి వేరే. వీధికొక ముఠా రాజ్యమేలిన చోట జనం ఆ బేరానికి ఎందుకు ఒప్పుకున్నారో అర్థమవుతుంది. ఆ బేరాన్ని మన దేశానికి తెద్దామనేవాళ్లు, లోపలికెళ్లే ఆ వందో మనిషి తమ ఇంటివాడు కాడని ముందే అనుకుంటున్నారని నా అనుమానం.

విచారణ లేకుండా లోపలుంచడం మనకు కొత్తేమీ కాదు కూడా. 2022 చివరికి మన జైళ్లలో పట్టేది 4,36,266 మంది, ఉన్నది 5,73,220 మంది. వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే జైలు మొత్తానికి సరిపడేంత మంది నేరం రుజువు కాకుండానే ఉన్నారు. శిక్ష పడి ఉన్నవాళ్లు నాలుగో వంతు కంటే తక్కువ. "శిక్షలు పెంచాలి" అన్న మన చర్చంతా ఆ నాలుగో వంతు గురించే. మిగతా మూడు వంతుల్లో ఎంతోమంది జామీను ఇచ్చే దిక్కులేక ఉన్నవాళ్లు. ఒక సెల్‌ఫోను దొంగతనం కేసులో ఎనిమిది నెలలు లోపలున్న కుర్రవాడు బయటికొచ్చేసరికి పని పోయి ఉంటుంది, అద్దె ఇల్లు పోయి ఉంటుంది. పరిచయాలు మాత్రం కొత్తవి పెరిగి ఉంటాయి. మన దగ్గర జైలు చాలామందికి తీర్పు తర్వాత వచ్చే శిక్షగా కాక, తీర్పు కోసం ఎదురుచూసే వెయిటింగ్ హాలుగా మారింది.

సరే, జైలు కాకపోతే మరేమిటి? ఇక్కడ రెండో పక్షం చేసే పొరపాటు కూడా చెప్పాలి. "ప్రత్యామ్నాయం" అన్న మాట తగిలిస్తే చాలు మేలు జరిగిపోతుందనుకుంటారు. 1970ల్లో న్యూజెర్సీలో ఒక పథకం పుట్టింది. దారితప్పుతున్న కుర్రవాళ్లను జైలుకు తీసుకెళ్లి, జీవిత ఖైదీల చేత అరిపించి, భయపెట్టి పంపేవారు. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో, ఎన్నో చోట్ల ఎగబడ్డారు. తర్వాత తూకం వేసి చూస్తే, ఆ పథకానికి వెళ్లిన పిల్లలే వెళ్లనివాళ్లకంటే ఎక్కువ నేరాలు చేశారు. హవాయిలో 2004లో ఒక జడ్జి మరో పద్ధతి మొదలుపెట్టాడు. ప్రొబేషన్‌లో, అంటే జైలుకు బదులు షరతుల మీద బయట, ఉన్నవాడు మత్తుమందు పరీక్షలో దొరికితే నెలలు సాగదీయకుండా ఆ రోజే లోపలికి, కానీ రెండు మూడు రోజులకే. తొలి ఫలితాలు అదిరిపోయాయి. బెక్కరియా చెప్పిన "తప్పదు, తక్షణం" అన్న సూత్రానికి ఇంతకంటే చక్కని నమూనా ఉండదనుకున్నారు. నాలుగు వేరే రాష్ట్రాల్లో పెట్టి చూస్తే మామూలు ప్రొబేషన్‌కూ దానికీ తేడా లేదు. ఇక్కడ నా పక్షం కూడా కాస్త తల దించుకోవాలి.

పని చేసినవి చూస్తే వాటిలో చాలా భాగం న్యాయశాస్త్రం పుస్తకాల్లో కనిపించవు. పశ్చిమ జర్మనీలో 1980లో హెల్మెట్ లేకుండా మోటారు సైకిల్ నడిపితే జరిమానా మొదలుపెట్టారు. తలలు పగలకూడదని పెట్టిన నియమం అది. అప్పటికి ఏటా లక్షన్నర మోటారు సైకిళ్లు పోయేవి. 1986కి ఆ సంఖ్య 54 వేలకు పడిపోయింది. దొంగతనానికి శిక్ష ఒక్క రోజు కూడా పెరగలేదు. కంటికి కనపడగానే బండి ఎత్తుకుపోదామనుకునే వాడి దగ్గర ఆ సమయానికి హెల్మెట్ ఉండదు. లేకుండా నడిపితే మొదటి కూడలిలోనే ఆపుతారు. అంతే. 2016లో న్యూయార్క్‌లో ప్రభుత్వ గృహ సముదాయాల్లో కొన్నింటిని చీటీ తీసినట్టు ఎంచి, ఎత్తయిన దీపస్తంభాలు పెట్టారు. రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు 36 శాతం తగ్గాయి. మన దగ్గర కాలనీ సంఘం వీధిదీపం కోసం ఎన్ని అర్జీలు పెట్టుకుంటుందో గుర్తుచేసుకోండి.

హైదరాబాద్ షీ టీమ్స్ మీద కూడా ఇలాంటి ప్రయోగం జరిగింది. వేధింపులు ఎక్కువగా జరిగే వందలాది చోట్లను తీసుకుని, కొన్నిచోట్ల యూనిఫాంలో, కొన్నిచోట్ల మఫ్టీలో పోలీసులను తిప్పి చూశారు. మొత్తం వేధింపుల్లో పెద్ద మార్పు రాలేదు. కానీ యూనిఫాం కనిపించిన చోట, చేతులు వేయడం, బెదిరించడం లాంటి తీవ్రమైనవి పాతిక శాతానికి పైగా తగ్గాయి. మఫ్టీ ఆకతాయిలను పట్టుకోవడానికి పనికొస్తుంది, ఆపడానికి యూనిఫాం పనికొచ్చింది. మళ్లీ ఆ శనివారం రాత్రి బారికేడ్ దగ్గరికే వచ్చాం.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం లైబీరియా రాజధాని మన్రోవియాలో జరిగిన పని. అంతర్యుద్ధం తర్వాత వీధుల్లో దొంగతనాలు, దోపిడీలతో బతుకుతున్న 999 మంది యువకులను తీసుకున్నారు. కొందరికి ఎనిమిది వారాలు చిన్న బృందాల్లో కూర్చోబెట్టి, కోపం వచ్చినప్పుడు ఒక నిమిషం ఆగడం, రేపటి గురించి లెక్క వేసుకోవడం సాధన చేయించారు. జుట్టు కత్తిరించుకోవడం, శుభ్రమైన బట్టలు వేసుకుని బ్యాంకు లోపలికి నడిచి వెళ్లి గుమాస్తాతో మాట్లాడి రావడం కూడా ఆ సాధనలో భాగం. కొందరికి 200 డాలర్లు చేతికిచ్చారు. కొందరికి రెండూ, కొందరికి ఏమీ లేదు. డబ్బు మాత్రమే అందుకున్నవాళ్లలో మార్పు నెలల్లోనే కరిగిపోయింది. రెండూ అందినవాళ్లను పదేళ్ల తర్వాత వెతికి పట్టుకుని చూస్తే, దొంగతనం లాంటి పనులు దాదాపు సగానికి తగ్గి ఉన్నాయి. మనిషికి అయిన ఖర్చు ఐదు వందల డాలర్ల పైన కొంచెం.

బ్యాంకులోకి నడిచి వెళ్లడం అన్న చోట నాకు స్టూవర్టుపురం గుర్తొచ్చింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాల్లో పుట్టడమే నేరం చేసింది. బాపట్ల దగ్గర ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన ఈ సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ అనే దొర పేరు పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. హాజరు పట్టీలు, అనుమతి చీటీలు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది, ఊరి మీద వేసిన ముద్ర రద్దు కాలేదు. ఎక్కడ చోరీ జరిగినా జీపు అటే వెళ్లేది. ఎలాగూ పట్టుకుపోతారన్నప్పుడు మంచిగా ఉండి సాధించేదేమిటి? నేరం చేసినా చేయకపోయినా శిక్ష ఒకటే అయితే ఆ శిక్షకు ఆపే శక్తి ఎక్కడిది? 1970ల్లో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, జాషువా కూతురు హేమలతా లవణం అక్కడికి వెళ్లి, కుటుంబాలతో కలిసి కూర్చుని, పిల్లల చదువు, భూమి, పని, పోలీసులతో సయోధ్య ఒక్కొక్కటిగా పట్టుకున్నారు. ఏళ్లూ పూళ్లూ పట్టింది. అలాంటి పనికి పత్రికల్లో పతాక శీర్షిక రాదు. ఆ ఊరి పేరు వినగానే మన మొహాల్లో ఇప్పటికీ వచ్చే ఆ చిన్న మార్పు, నూట యాభై ఏళ్ల నాటి చట్టం మన లోపల మిగిల్చిన బాకీ.

చట్టం పుస్తకాల్లో మనకు దారులు లేక కాదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ప్రకారం, జీవిత ఖైదు పడేంత పెద్దది కాని నేరంలో ఇరవై ఒక్క ఏళ్లు నిండని వాణ్ని జైలుకు పంపాలంటే జడ్జి కారణం రాసి మరీ పంపాలి. చర్లపల్లిలో, అనంతపురంలో గోడల్లేని వ్యవసాయ జైళ్లు దశాబ్దాలుగా ఉన్నాయి. జైపూర్ దగ్గరి సాంగనేర్‌లో 1963 నుంచి ఖైదీలు భార్యాబిడ్డలతో కాపురముంటూ, పగలు బయట కూలికో ఉద్యోగానికో వెళ్లి సాయంత్రం హాజరు వేయించుకుంటున్నారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సమాజ సేవను తొలిసారి శిక్షల పట్టికలో చేర్చింది. ఐదు వేల లోపు సొత్తు మొదటిసారి దొంగిలించి తిరిగి ఇచ్చేసినవాడికి ఇక జైలు లేదు, సేవే శిక్ష. ఎన్ని గంటలు, ఏ పని, చేశాడో లేదో ఎవరు చూస్తారు అన్నది ఆ సంహితలో లేదు. చూడటానికి ప్రొబేషన్ అధికారి కావాలి, ఆయనకు జీతం కావాలి, తిరగడానికి బండి కావాలి. మళ్లీ సిరా ఉంది, డబ్బు లేదు.

2013 ఫిబ్రవరిలో శిక్షలు పెంచిన ఆర్డినెన్సు వచ్చిన నెలలోనే, కేంద్ర బడ్జెట్‌లో మహిళల భద్రత కోసం వెయ్యి కోట్లతో నిర్భయ నిధి ప్రకటించారు. వీధిదీపాలు, కెమెరాలు, బస్సుల్లో భద్రత, ఫోరెన్సిక్ సదుపాయాలు, బాధితుల కోసం కేంద్రాలు, ఇలాంటివాటికి ఉద్దేశించిన సొమ్ము అది. కొత్త శిక్షలు ఆర్డినెన్సు వచ్చిన రోజు నుంచే అమలయ్యాయి. నిధిలోని డబ్బు మొదటి రెండేళ్లు దాదాపు కదలకుండా అక్కడే ఉండిపోయింది.